మామయ్య రాసిన ట్రిగ్గర్లు తీసేయాలా? నా తప్పు ఓనరుకి చెప్పాలా?

ఈ సారి ఉత్తరం నెల్లూరు నుంచి. పేరు రాయొద్దంది, ఊరు కూడా నెల్లూరు వరకే చెప్పమంది, అందుకని గుర్తుపట్టేసే వివరాలు తీసేసి మిగతాది నా మాటల్లో చెప్తున్నా.

అమ్మాయికి 27 ఏళ్ళు. రొయ్యల మేత, మందులు అమ్మే ఒక డీలర్ దగ్గర నాలుగేళ్ళుగా చేస్తోంది. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు, అల్లూరు వైపు రైతులు మూడొందల మందికి పైగా అక్కడ ఖాతాలు పెట్టుకున్నారు. మేత అప్పు మీద తీసుకుపోతారు, గుంటలో రొయ్యల పట్టుబడి అయ్యాక లెక్క చూసుకుంటారు. ఆ లెక్కలు నడిపే ప్రోగ్రామ్ 2016లో వాళ్ళ చిన్న మామయ్య రాశాడు, ఈమెకి అక్కడ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. రెండేళ్ళ కింద ఆయన చెన్నైలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు, అప్పట్నుంచి మొత్తం ఈమె నెత్తిన పడింది. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0, అందులో 14 ట్రిగ్గర్లున్నాయి, అంటే టేబుల్లో ఏదన్నా పడినా మారినా వాటంతట అవే నడిచే కోడ్ ముక్కలు. బిల్లు పడితే రైతు బాకీ పెరుగుద్ది, బిల్లులో ఐటం పడితే స్టాక్ తగ్గుద్ది, జమ పడితే బాకీ తగ్గుద్ది, అన్నీ వెనకాల ట్రిగ్గర్లే చేసేస్తాయి. ఎక్కడా రాసిపెట్టి లేదు.

ఏప్రిల్ మొదట్లో ఓనరు తన బామ్మర్ది షాపు లెక్కలు కూడా ఇందులోనే కలపమన్నాడంట. పాత బిల్లులు ఎక్సెల్ నుంచి ఎక్కిస్తే ట్రిగ్గర్లు లేచి ఇప్పటి స్టాక్ తగ్గించేస్తాయి కదా, అందుకని ఒక ఆదివారం రాత్రి ఒక్కతే కూర్చుని నాలుగు ట్రిగ్గర్లు డ్రాప్ చేసి, డేటా ఎక్కించి, మళ్ళీ పెట్టింది. మూడు సరిగ్గా వచ్చినయ్. నాలుగోది, జమలు టేబుల్ మీద అప్‌డేట్ ట్రిగ్గర్, ఫోల్డర్లో ఉన్న పాత కాపీ నుంచి పెట్టేసింది. ఆ పాత కాపీలో రెండు ముక్కలు లేవు: రైతు వాపసు పంపిన బస్తాలు గోడౌన్లో ఓకే చేస్తే బాకీ తగ్గించేది, చెక్కు బౌన్స్ అయితే బాకీ మళ్ళీ పెంచేది. 19 రోజులు అట్టాగే నడిచింది. ఇరవయ్యో రోజు బ్యాంకు లెక్క చూస్తుంటే బయటపడింది, ఆ రాత్రే సరైనది పెట్టేసి ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. ఉత్తరం రాసేసరికి అది జరిగి ఐదు రోజులు.

లెక్క తీస్తే 11 మంది ఖాతాలు తేడా. ఏడుగురికి బాకీ ఎక్కువ చూపించింది, నలుగురికి తక్కువ. ఆ ఏడుగురిలో విడవలూరు వైపు పెద్దాయన ఒకరు ఆ మధ్యలోనే లెక్క తేల్చుకోడానికి కౌంటర్‌కి వచ్చాడంట. ప్లాస్టిక్ కవర్లోంచి చిన్న పాకెట్ పుస్తకం తీసి ఇదిగో అమ్మా ఏడు బస్తాలు తిరిగి పంపిచ్చినా, తేదీ కూడా రాసుకున్నా అన్నాడు. ఓనరు స్క్రీన్ చూసి సిస్టంలో లేదు పెద్దాయనా అన్నాడు. ఆయన కాసేపు పుస్తకం వైపు, కాసేపు స్క్రీన్ వైపు చూసి, "నా ఆటోకి నేనే ఎత్తినా ఆ బస్తాలు" అని మాత్రం అని, డబ్బులు కట్టేసి పోయాడంట. "అక్కా, అప్పుడు నేను పక్క కుర్చీలోనే ఉన్నా, నాకు కూడా అప్పటికి తెలీదు, ఇప్పుడు తెలిసి నిద్ర పట్టట్లా" అని రాసింది.

ఇంకా మూడు చిక్కులు రాసింది. కొత్తగా చేరిన కుర్రాడు ట్రిగ్గర్లు అంటేనే దరిద్రం, మొత్తం పీకేసి కోడ్‌లో రాద్దాం అంటున్నాడు. ఇంట్లో అమ్మేమో మామయ్య పని బాగాలేదని ఆఫీసులో అనిపించావంటే పుట్టింట్లో నా మొహం ఎట్టా చూపించను అంటోంది. ఓనరేమో మామయ్య వెళ్ళిపోయాడు కదా ఆయన లాగిన్ తీసెయ్ అంటున్నాడు. వీటికి తోడు ఎప్పట్నుంచో ఉన్న గొడవ ఇంకోటి, బిల్లు కొట్టేస్తే, అంటే రద్దు చేస్తే, ఒక్కోసారి స్టాక్ తిరిగి వస్తది, ఒక్కోసారి రాదు, కంప్యూటర్లో కన్నా గోడౌన్లో బస్తాలు ఎక్కువ తేలుతున్నాయి, దాంతో గోడౌన్ అతను రైతులకి తక్కువ ఎక్కిస్తున్నాడేమో అని ఓనరుకి అనుమానం.

ఇంతవరకూ ఆమె చెప్పింది.

అమ్మాయ్, ముందు నిద్ర సంగతి. నువ్వు పోగొట్టింది ఏందో, పోనిది ఏందో విడదీసి చూడు. బిల్లులు టేబుల్లో వరసలన్నీ ఉన్నాయి, జమలు ఉన్నాయి, వాపసు బస్తాల ఎంట్రీ ఉంది, దాని పక్కన గోడౌన్ వాళ్ళు కొట్టిన ఓకే ఉంది, బౌన్స్ అయిన చెక్కుకి బౌన్స్ అనే ఉంది. తప్పుగా ఉన్నది ఒక్కటే అంకె, రైతు పేరు పక్కన బాకీ అని దాచిపెట్టుకున్న కాలమ్. ఆ అంకె ఎప్పుడైనా బిల్లుల మొత్తంలోంచి జమల మొత్తం తీసేసి మళ్ళీ పుట్టించుకోవచ్చు. జరిగిన విషయం చెరిగిపోలేదు. డేటాబేస్ పనిలో ఇంతకన్నా చాలా పెద్ద పొరపాట్లు ఉంటాయి, వాటిల్లో తిరిగి పుట్టించుకునే దారి కూడా ఉండదు.

కానీ ఇవాళే, ఇది చదివిన వెంటనే చెయ్యాల్సింది ఒకటుంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో బైనరీ లాగ్, అంటే డేటాలో జరిగిన ప్రతి మార్పూ రాసుకునే ఫైళ్ళు, మనం ఏమీ పెట్టకపోయినా ఆన్‌లోనే ఉంటది, ఎవరూ మార్చకపోతే 30 రోజుల దాకా ఉంచి తర్వాత పాతవి తీసేస్తది. నువ్వు ట్రిగ్గర్లు డ్రాప్ చేసిన రాత్రి నుంచి నీ ఉత్తరం దాకా 24 రోజులు. అంటే మొదటి రోజుల లాగ్ ఇంకో వారం లోపలే పోద్ది. షో బైనరీ లాగ్స్ కొట్టి చూడు, ఆ ఫైళ్ళన్నీ వేరే డిస్కుకి కాపీ పెట్టు. బాకీ సరిచెయ్యడానికి అవి అక్కర్లేదు, ఏ రోజు ఏ రైతుకి ఎంత బాకీ చూపించామో చెప్పాల్సి వస్తే మాత్రం వాటి అవసరం పడుద్ది. డేటాబేస్ తన వివరాలు తానే రాసుకునే ఇన్ఫర్మేషన్ స్కీమాలో ట్రిగ్గర్స్ అనే చోట క్రియేటెడ్ అనే కాలమ్ కూడా ఉంది. ఒక్కో ట్రిగ్గర్ ఏ రోజు ఏ టైముకి పుట్టిందో అందులో ఉంటది, నువ్వు తిరిగి పెట్టిన మిగతా మూడింటికీ ఆ ఆదివారం రాత్రి టైమే ఉంటది, అది నీ లెక్క ఎప్పట్నుంచి మొదలుపెట్టాలో చెప్తది. ఎవరైనా తెలిసినోళ్ళు వచ్చి చూస్తే ఏ రాత్రి ఏం జరిగిందో వాళ్ళకీ అదే చెప్తదని కూడా గుర్తుపెట్టుకో. దాచితే దాగే విషయం అయితే కాదిది.

ఇక బాకీలు సరిచేసేటప్పుడు ఒక జాగ్రత్త, ఇందులో చాలామంది పడతారు. ఒకే అప్‌డేట్ కొట్టి అందరి బాకీలు కొత్త లెక్కతో మార్చేయొద్దు. ఎందుకంటే మీ ఓనరు ఎప్పుడో ఒకసారి, పోనీలే పాపం అతనికి వైట్ స్పాట్ జబ్బు వచ్చి గుంట మొత్తం పోయింది, ఒక ఐదు వేలు తగ్గించు అనుంటాడు, నువ్వో మామయ్యో ఎంట్రీ వెయ్యకుండా నేరుగా బాకీ కాలమ్‌లోనే తగ్గించి ఉంటారు. అప్పు మీద నడిచే ప్రతి షాపులోనూ ఉంటయ్ ఇవి. నువ్వు మొత్తం కూడి మార్చేస్తే ఆ మాటలన్నీ ఎగిరిపోతాయి, అప్పుడు 11 ఖాతాల గొడవ కాస్తా యాభై ఖాతాల గొడవ అవుద్ది. అందుకని ముందు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి తేడా ఉన్న రైతులని మాత్రం బయటికి తీయి. 11 కన్నా ఎక్కువ వస్తారు చూడు. నీ 11 మందిని 19 రోజుల ఎంట్రీలతో జత చేసి తేల్చు, మిగతా వాళ్ళ సంగతి ఓనరు పక్కన కూర్చుని ఒక్కొక్కరిదీ అడుగు, ఆయన చెప్పినదాన్ని తగ్గింపు అని పేరు పెట్టి జమల్లోనే ఒక వరసగా వెయ్యి. సరిచేసేదేదైనా కొత్త ఎంట్రీగానే పడాలి, పాతదాన్ని దిద్దకూడదు.

ఇప్పుడు ఓనరుకి చెప్పడం. నీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ ఖర్చు ఉంది.

ఒకటి, చప్పుడు చెయ్యకుండా అన్నీ సరిచేసేసి ఊరుకోడం. పది మంది దాకా కుదురుద్దేమో. కానీ విడవలూరు పెద్దాయన డబ్బు కట్టేసి పోయాడు, ఆయనకి తిరిగి ఇవ్వాలంటే క్యాష్ బయటికి రావాలి, అది ఓనరుకి తెలీకుండా జరగదు. తక్కువ చూపించిన నలుగురిలో ఎవరైనా లెక్క తేల్చుకుని వెళ్ళిపోయి ఉంటే, ఇప్పుడు వాళ్ళ ఖాతాలో ఉన్నట్టుండి బాకీ మొలుస్తది, ఫోన్ ఓనరుకే వస్తది. ఈ దారిలో నువ్వు ప్రతి ఫోన్‌కీ ఉలిక్కిపడతా ఉండాల.

రెండు, ముందు మామయ్యకి చెప్పి ఆయన్ని అడ్డం పెట్టుకుని ఓనరుకి చెప్పించడం. ఆయనకి అక్కడ గౌరవం ఉంది కాబట్టి తిట్లు తగ్గొచ్చు. కానీ ఓనరు దృష్టిలో ఇది మామయ్య ప్రోగ్రామ్ తప్పు అని మిగిలిపోద్ది, మీ అమ్మ భయపడేది సరిగ్గా అదే. ఆ పాత కాపీ పెట్టింది ఆయన కాదు కదా.

మూడు, నువ్వే చెప్పడం. ఊరికే తప్పయిపోయింది సార్ అని పోయి నిలబడితే ఆయన ముందు కోపంతో మాట్లాడతాడు, తర్వాత భయంతో, అసలు మిగతా లెక్కలన్నా కరెక్టేనా అంటాడు. ఒక కాగితం తీసుకుని పో. పదకొండు పేర్లు, ఒక్కొక్కరికీ చూపించింది ఎంత, ఉండాల్సింది ఎంత, ఎందుకు, లెక్క తేలిపోయిందా లేదా, ఇప్పుడు ఏం చెయ్యాలి. కింద రెండు ముక్కలు, ఇది మళ్ళీ జరక్కుండా ఏం పెట్టావో. తిట్టొచ్చు, ఒకవేళ ఆ డబ్బు నీ జీతంలో పట్టుకుంటానని కూడా అనొచ్చు. అది ఎంతవరకు ఒప్పుకుంటావో ముందే ఆలోచించుకుని పో, ఆ కుర్చీలో కూర్చుని భయం మీద ఒప్పుకోబాక. నన్నడిగితే నా మొగ్గు ఈ దారి మీదే, కానీ ఆ మనిషిని రోజూ చూసేది నువ్వు, ఆ ఇంటికి నీ జీతం ఎంత అవసరమో తెలిసింది నీకు.

నాకు జరిగింది చెప్తా. చీమకుర్తి వైపు గ్రానైట్ లెక్కలు చూసే ఒక చోట నేను పని చేసినప్పుడు పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ ఉండేది. దాంట్లో ట్రిగ్గర్‌ని డ్రాప్ చెయ్యకుండానే ఆపి పెట్టుకోవచ్చు. మనం రాసుకున్నవి మాత్రమే ఆపే డిజేబుల్ ట్రిగ్గర్ యూజర్ అని కొట్టాల్సిన చోట నేను డిజేబుల్ ట్రిగ్గర్ ఆల్ అని కొట్టా. సూపర్ యూజర్‌గా ఉన్నా కాబట్టి అడ్డు చెప్పలా. పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ కీకి, అంటే ఒక టేబుల్లో రాసిన నంబరు ఇంకో టేబుల్లో ఉండి తీరాలనే రూలుకి, కాపలా కాసేవి కూడా లోపల ట్రిగ్గర్లే, ఆల్ అంటే అవి కూడా నిద్రపోతాయి. ఆ గంటలో ఎక్కిన లోడింగ్ స్లిప్పుల్లో కొన్నిటికి అసలు రాయి బ్లాకు నంబరే మాస్టర్ లిస్టులో లేదు. తర్వాత ఎనేబుల్ చేస్తే పాత వరసలని తిరిగి చెక్ చెయ్యదు, ఇక ముందు వచ్చేవి మాత్రమే చూస్తది. నేను రెండు వారాలు ఎవరికీ చెప్పలా. ఆ రెండు వారాల్లో ఒక లారీ డ్రైవర్‌ని గేటు దగ్గర రాత్రంతా ఆపేశారు, స్లిప్పులో నంబరు సిస్టంలో లేదని. పొద్దున్నే నేను పోయేసరికి అతను ఇంకా టైరు పక్కన తువ్వాలు పరుచుకుని పడుకునున్నాడు. ఆ రోజే పోయి చెప్పేశా. ముందే చెప్పుంటే అతను ఆ రాత్రి ఇంటికి పోయేవాడు. అందుకే నీ ఉత్తరంలో ఆ పుస్తకం సంగతి చదివి నేను కాసేపు పక్కన పెట్టేశా.

గోడౌన్ అతని సంగతికి వస్తా, ఇది నువ్వు చివర్లో ఊరికే రాశావు కానీ నాకు అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది ఇదే అనిపించింది, ఎందుకంటే ఇక్కడ ఒక మనిషి పరువు ఉంది. నువ్వు పంపిన టేబుల్ వివరాల్లో బిల్లు ఐటమ్స్ టేబుల్‌కి ఫారిన్ కీ మీద ఆన్ డిలీట్ కాస్కేడ్ ఉంది, అంటే బిల్లు తీసేస్తే దాని ఐటమ్స్ కూడా వాటంతట అవే పోతాయి. మీరు వాడే 8.0లో కాస్కేడ్ వల్ల పోయే వరసలకి ట్రిగ్గర్లు లేవవు. అది బగ్ కాదు, వాళ్ళ మాన్యువల్‌లోనే రాసి ఉంది. బిల్లులోంచి ఒక్క ఐటం తీస్తే డిలీట్ ట్రిగ్గర్ లేచి స్టాక్ తిరిగి కలుపుద్ది. బిల్లు మొత్తం కొట్టేస్తే ఐటమ్స్ కాస్కేడ్‌లో చడీ చప్పుడు లేకుండా పోతాయి, స్టాక్ తిరిగి రాదు. బాకీ మాత్రం సరిగ్గానే తగ్గుద్ది, అది బిల్లు టేబుల్ మీదున్న ట్రిగ్గర్ కాబట్టి. అందుకే ఒక్కోసారి వస్తంది, ఒక్కోసారి రావట్లా. అందుకే గోడౌన్లో బస్తాలు ఎక్కువ తేలుతున్నాయి. నా మాట మీద నమ్మొద్దు, బ్యాకప్ వేరే మిషన్లో రిస్టోర్ చేసి, ఒక బిల్లు కొట్టేసి, ముందూ వెనకా స్టాక్ చూడు, రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఓనరు దగ్గరకి తీసుకుపోయే కాగితంలో ఇది కూడా రాయి. ఆ అనుమానం ఇంకొక్క రోజు కూడా ఆ మనిషి మీద ఉండకూడదు.

దాన్ని బాగుచెయ్యడానికి బిల్లు తీసే ముందు ఐటమ్స్‌ని విడిగా డిలీట్ చేసేటట్టు ప్రోగ్రామ్ మార్చొచ్చు, తేలిక, కానీ ఎవరైనా నేరుగా డేటాబేస్‌లోకి పోయి బిల్లు తీస్తే మళ్ళీ అదే గొడవ. ఇంకో పద్ధతి, కాస్కేడ్ తీసేసి, ఐటమ్స్ ఉన్న బిల్లుని తీయనివ్వని రిస్ట్రిక్ట్ పెట్టి, బిల్లు అసలు డిలీట్ అవ్వకుండా క్యాన్సిల్ అనే స్టేటస్ పెట్టడం, స్టాక్ ఆ క్యాన్సిల్ మీద తిరిగి రావడం. పని ఎక్కువ, రిపోర్టులు కూడా మార్చుకోవాలి, కానీ డబ్బు లెక్కల్లో బిల్లు మాయమవకుండా ఉండడమే నాకు ఇష్టం.

మామయ్య లాగిన్ జోలికి ఇప్పుడే పోబాక. ఆ 14 ట్రిగ్గర్లకీ డెఫైనర్, అంటే ఎవరి పేరు మీద నడవాలో ఆ యూజర్, అని ఆయన యూజరే ఉండుంటది, నువ్వు తిరిగి పెట్టినవి తప్ప. నువ్వు రూట్‌లో, అంటే అన్ని హక్కులున్న లాగిన్‌లో, ఉండి ఆ యూజర్ని డ్రాప్ చేస్తే హెచ్చరిక ఒకటి ఇచ్చి తీసేస్తది, పొద్దున్నే కౌంటర్లో మొదటి బిల్లు వెయ్యంగానే 1449 అని ఎర్రర్ వస్తది, డెఫైనర్‌గా రాసిన యూజర్ లేడని. వాకిట్లో ఆటోలు, లోపల బిల్లు పడదు. ఓనరు కోరుకునేది ఆయన బయట్నుంచి లోపలికి రాలేకపోవడం, అంతే కదా. దానికి అకౌంట్ లాక్ పెట్టు. లాక్ చేసిన అకౌంట్‌తో ఎవరూ లోపలికి రాలేరు, కానీ ఆ పేరు మీదున్న ట్రిగ్గర్లు నడుస్తానే ఉంటాయి. తీరిగ్గా తర్వాత ట్రిగ్గర్లని వేరే పేరు మీదకి మార్చుకోవచ్చు. లాక్ పెట్టే ముందు మామయ్యకి ఒక ఫోన్ చెయ్యి, తలుపు మూసే ముందు చెప్పడం మర్యాద.

ఇక ఆ కుర్రాడి మాట, మొత్తం పీకేద్దాం అనేది. అతని బాధ నిజమే. ట్రిగ్గర్ చేసే పని ఎవరికీ కనపడదు, ప్రోగ్రామ్ ఎంత చదివినా బాకీ ఎక్కడ మారుతుందో దొరకదు, నీ 19 రోజులూ జరిగింది కూడా అందుకే. కానీ మొత్తం పీకేస్తే వచ్చేది కూడా చెప్పాలి కదా. మీ దగ్గర డేటా ఒక్క ప్రోగ్రామ్ నుంచే రావట్లా. ఎక్సెల్ నుంచి ఎక్కుద్ది, నువ్వు అప్పుడప్పుడు టూల్ తెరిచి నేరుగా మారుస్తావు, రేపు ఓనరు కొడుకు ఫోన్ యాప్ అంటాడు. ఎటునుంచి వచ్చినా తప్పకుండా జరగాల్సిన పని ఏదైనా ఉంటే దానికి ట్రిగ్గరే సరైన చోటు. ఎవరు ఏ వరస ఎప్పుడు మార్చారు అని రాసిపెట్టే ఆడిట్ ట్రిగ్గర్లు అట్టాంటివి, వాటిని ముట్టుకోవద్దు. ముగిసిపోయిన సంవత్సరం బిల్లు ఎవరన్నా మార్చబోతే సిగ్నల్ ఇచ్చి ఆపేసే ట్రిగ్గర్ కూడా ఉంచు.

బస్తాలు మైనస్ రాకూడదు, రేటు సున్నా ఉండకూడదు అని చూసే ట్రిగ్గర్లు మూడో నాలుగో ఉన్నాయి చూడు, అవి తీసేసి చెక్ కన్‌స్ట్రెయింట్‌గా, అంటే టేబుల్ మీదే రాసే రూలుగా, పెట్టొచ్చు. మామయ్య ఎందుకట్టా రాశాడంటే, ఆయన రాసిన 2016లో మైఎస్‌క్యూఎల్‌లో చెక్ అని రాస్తే చదువుకుని పక్కన పారేసేది, అమలు చేసేది కాదు. 2019లో వచ్చిన 8.0.16 నుంచే నిజంగా పని చేస్తంది. అంటే ఆ రోజుకి ఆయన చేసింది సరైన పనే. ఈ మాట మీ అమ్మకి చెప్పు, ఆ కుర్రాడికి కూడా చెప్పు. మార్చే ముందు సెలెక్ట్ వెర్షన్ కొట్టి మీది 8.0.16 దాటి ఉందో లేదో చూసుకో, దాటకపోతే చెక్ పెట్టినా పెట్టనట్టే.

బాకీ ట్రిగ్గర్ల దగ్గర మాత్రం నిజంగా ఆలోచించాల్సి ఉంది. ఉన్నట్టే ఉంచితే ఇవాళ పని తక్కువ, ప్రోగ్రామ్ ముట్టుకోనక్కర్లేదు, కానీ బాకీ అనేది దాచిపెట్టుకున్న అంకెగానే ఉంటది, ఏ రోజైనా తప్పొచ్చు, కాబట్టి రోజూ పొద్దున్నే కౌంటర్ తెరవకముందే దాచిన బాకీకీ కూడిన బాకీకీ తేడా చూసే క్వెరీ ఒకటి నడవాలి, తేడా వస్తే ఆ రోజే తెలుస్తది, 19 రోజులు పట్టదు. రెండో దారి, బాకీ కాలమ్ మానేసి ఒక వ్యూ పెట్టి అడిగినప్పుడల్లా కూడి చూపించడం. మూడొందల మంది రైతులంటే, రైతు నంబరు మీద ఇండెక్స్ ఉంటే మిషన్‌కి అదో లెక్క కాదు. అప్పుడు తప్పడానికి దాచిన అంకే ఉండదు. కానీ ఇందాక చెప్పిన నోటి మాట తగ్గింపులన్నీ ఎంట్రీలుగా పడితేనే ఇది నిలబడుద్ది, ప్రోగ్రామ్‌లో బాకీ చదివే ప్రతి చోటా మార్చాలి, ఆ కుర్రాడు ఉత్సాహంగా ఉన్నాడు కాబట్టి ఆ పని అతనికివ్వు. నేనైతే పట్టుబడి సీజన్ అయ్యేదాకా మొదటిదాని మీద ఉండి, ఆ తర్వాత రెండోదానికి పోతా. సీజన్ మధ్యలో మాత్రం వద్దు.

ఈ లోపు మళ్ళీ ఎప్పుడైనా డేటా ఎక్కించాల్సి వస్తే? మైఎస్‌క్యూఎల్‌లో ట్రిగ్గర్‌ని కాసేపు ఆపే ఆజ్ఞే లేదు, డ్రాప్ చేసి మళ్ళీ పెట్టడమే. అట్టా చేస్తే ముందు షో క్రియేట్ ట్రిగ్గర్ కొట్టి ఆ నిమిషాన సర్వర్లో ఉన్నదాన్నే ఫైల్లోకి తీసుకో, ఫోల్డర్లో ఉన్న కాపీని నమ్మొద్దు, నీకు దెబ్బ తగిలింది అక్కడే. డ్రాప్ చేసినంతసేపు కౌంటర్ కూడా మూసుండాలి, ఎందుకంటే ట్రిగ్గర్ పోయేది నీ ఒక్కదానికే కాదు, అందరికీ. ట్రాన్సాక్షన్ మొదలుపెడదాం, తేడా వస్తే రోల్‌బ్యాక్ కొట్టి వెనక్కి తీసుకుందాంలే అనుకోడానికి కూడా లేదు, డ్రాప్ కొట్టంగానే అప్పటిదాకా చేసింది కమిట్ అయిపోద్ది, ఇక వెనక్కి రాదు. ఇది ఇష్టం లేకపోతే ఇంకో పద్ధతి ఉంది, ట్రిగ్గర్ మొదట్లోనే ఒక సెషన్ వేరియబుల్ చూసి అది ఖాళీగా ఉంటేనే పని చెయ్యమని రాయడం. నువ్వు ఎక్కించేటప్పుడు నీ కనెక్షన్‌లో మాత్రం దాన్ని 1 చేసుకుంటావు, కౌంటర్లో బిల్లులు మామూలుగా నడుస్తాయి. దీన్లో ముల్లు ఏందంటే ఆ కనెక్షన్ బతికున్నంతసేపు ఆ 1 కూడా బతికే ఉంటది. ప్రోగ్రామ్ కనెక్షన్లని పూల్‌లో పెట్టుకుని వాడేదైతే, నీ తర్వాత అదే కనెక్షన్ అందుకున్న బిల్లుకి ట్రిగ్గర్ లేవదు. అందుకని ఈ పని ప్రోగ్రామ్ లోపల్నుంచి చెయ్యొద్దు, విడిగా కనెక్ట్ అయ్యి, పని అవ్వంగానే ఆ కనెక్షన్ మూసేయి.

14 ట్రిగ్గర్లనీ పేరు, ఏ టేబుల్, ఎప్పుడు లేస్తది, ఏం మారుస్తది అని ఒక్కోదానికి తెలుగులో రెండు వాక్యాలు రాసి పెట్టు, కోడ్ ఫైళ్ళు గిట్‌లో, అంటే ఫైల్లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే చోట, పెట్టు. వారానికొకసారి సర్వర్లో ఉన్నవీ ఫైల్లో ఉన్నవీ ఒకటేనా అని పోల్చు. మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో బ్యాకప్ తీస్తుంటే ట్రిగ్గర్లు వాటంతట అవే వస్తాయి, స్టోర్డ్ ప్రొసీజర్లూ ఈవెంట్లూ మాత్రం విడిగా అడిగితేనే వస్తాయి, మీ బ్యాకప్‌లో అవి ఉన్నాయో లేవో కూడా ఒకసారి చూసుకో.

ఆ రాసే పని మామయ్యతో కలిసి చెయ్యి. చెన్నై నుంచి నెల్లూరు ఎంత దూరం, ఏదో ఒక ఆదివారం వస్తాడు కదా. నీ ప్రోగ్రామ్‌లో తప్పులున్నాయి అని మొదలుపెట్టబాక, మామా, ఈ ట్రిగ్గర్ ఎందుకు పెట్టావు, అప్పుడు ఏమైంది అని అడుగు, ఒక్కోదాని వెనకా ఏదో ఒక రోజు కౌంటర్లో జరిగిన గొడవ ఉండుంటది, అది ఆయన నోటి నుంచి తప్ప నీకు ఇంకెక్కడా దొరకదు. కాస్కేడ్ సంగతి కూడా అప్పుడే చూపించు, నువ్వు చేసిన టెస్ట్ ఆయన కళ్ళ ముందే మళ్ళీ చెయ్యి. పని తెలిసిన మనిషి కాబట్టి చూడంగానే అర్థం చేసుకుంటాడు. నీ పాత కాపీ సంగతి కూడా అదే కూర్చోడంలో చెప్పేయి, ఆయన తప్పు చూపించి నీది దాచితే ఆయనకి ఎక్కడో తగులుద్ది. ఒకవేళ ఆయన నొచ్చుకుంటే కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు, మీ అమ్మ నీ మీద పడొచ్చు, అది కూడా లెక్కలో పెట్టుకో.

తక్కువ చూపించిన నలుగురి దగ్గరా ముందు ఓనరు మాట అయ్యాకే కదులు. బౌన్స్ అయిన చెక్కు వాళ్ళకీ తెలుసు కాబట్టి పెద్ద గొడవ ఉండదనుకుంటా, కానీ బాకీ లేదని స్లిప్ ఇచ్చినోళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళకి ఫోన్లో కాకుండా మనిషే పోయి చెప్పాలి.

విడవలూరు పెద్దాయన దగ్గరికి ఓనరు ఒప్పుకుంటే నువ్వే పో. ఏడు బస్తాల డబ్బు, వాపసు ఎంట్రీ ప్రింటు, తేదీ కనపడేటట్టు. ఆయన ఆ ప్లాస్టిక్ కవర్ తీస్తాడు చూడు, అప్పుడు ఆ పుస్తకంలో ఆయన రాసుకున్న తేదీ పక్కనే, డబ్బు ముట్టిందని ఆయన చేత్తోనే రాయమను.